రెయిలింగ్ పట్టుకుని మూడు సీజన్లు

నా ఎడమ మోకాలి కింద ఒకటిన్నర అంగుళం మచ్చ ఉంది. 2019 చలికాలంలో ఫుట్‌బాల్ మ్యాచ్ చూస్తుండగా తగిలిన దెబ్బ అది. సేఫ్ స్టాండింగ్ గురించి, అంటే స్టేడియంలో రెయిలింగ్ పట్టుకుని నిలబడి మ్యాచ్ చూసే ఏర్పాటు గురించి రాయాలంటే నేను ఆ మచ్చ దగ్గరే మొదలుపెట్టాలి.

నేను ఉత్తర ఇంగ్లండ్‌లో నర్సుని. మేముండే ఊరి క్లబ్‌కి 2017 నుంచి సీజన్ టికెట్ తీసుకుంటున్నాను. ఏ క్లబ్ అన్నది ఇక్కడ అవసరం లేదు, ఈ దేశంలో చాలా గ్రౌండ్లలో కథ ఇదే. గోల్ వెనక ఉన్న మా స్టాండులో అందరికీ సీట్లుండేవి. కానీ ఎవరూ కూర్చునేవారు కాదు. ముందు వరసవాళ్లు లేస్తే వెనకవాళ్లకి కనిపించదు కాబట్టి వాళ్లూ లేవాలి. అలా మొదటి పది నిమిషాల్లోనే స్టాండు మొత్తం నిలబడేది. జనాన్ని చూసుకునే గ్రౌండు సిబ్బంది, అంటే స్టీవర్డులు, రెండుసార్లు కూర్చోమని చెప్పి ఊరుకునేవారు.

ఆ సీట్లు కూర్చోవడానికి చేసినవి. మెట్లు మెట్లుగా ఉండే స్టాండులో ముందు వరస సీటు వీపు, వెనక నిలబడ్డవాళ్ల మోకాళ్ల కిందికి వస్తుంది. ఆ రోజు మనవాళ్లు గోల్ కొట్టగానే నా వెనకున్న మనిషి అదుపు తప్పి నా మీద పడ్డాడు. నేను ముందు సీటు మీద పడ్డాను. ప్లాస్టిక్ అంచు ఎముక దాకా కోసింది. నాలుగు కుట్లు పడ్డాయి. ఆ మనిషి పాపం వందసార్లు సారీ చెప్పాడు, అతని తప్పేమీ లేదు. పట్టుకోవడానికి ఏమీ లేని చోట వేలమందిని నిలబడనిచ్చారు, అంతే. అప్పట్నుంచి గోల్ పడిన ప్రతిసారీ ముందు తల వంచుకుని, మోకాళ్లు మడిచి, చేతులు అడ్డం పెట్టుకునేదాన్ని. సంతోషం ఆ తర్వాతే.

2022లో సీజన్ మొదలయ్యే ముందు మా స్టాండులో పాత సీట్లు తీసేసి రెయిల్ సీట్లు బిగించారు. మడత సీటు, దానికి ఆనుకుని పైన అడ్డంగా ఒక స్టీలు రెయిలింగ్. ప్రతి వరసకీ ఒకటి. నా పక్కవాళ్లకి అది నడుం దగ్గరకి వస్తుంది. నా ఎత్తు ఐదడుగుల ఒక అంగుళం, నాకు పక్కటెముకల కిందికి వస్తుంది. జనవరిలో గ్లవ్స్ లేకుండా ముట్టుకుంటే చెయ్యి కొంకర్లు పోతుంది. వాన పడితే మోచేతులు తడుస్తాయి. అయినా ఈ మూడేళ్లలో ఈ గ్రౌండులో నాకు దొరికినవాటిలో అంత విలువైనది ఇంకొకటి లేదు.

ఎందుకో ఒక్క మ్యాచ్ గురించి చెబితే తెలుస్తుంది. మొదటి సీజన్, నవంబర్, రాత్రి మ్యాచ్, ఆగకుండా వాన. స్కోరు 1-1. ఇంజురీ టైమ్ నాలుగో నిమిషంలో మాకు కార్నర్ వచ్చింది. బంతి గాల్లోకి లేచింది, మా డిఫెండర్ తల తగిలింది, వల కదిలింది. అలవాటు ప్రకారం నా తల కిందికి పోయింది. వెనక నుంచి దెబ్బ కోసం ఎదురుచూశాను. రాలేదు. వీపు వెనక 'ధన్' మని శబ్దం మాత్రం వినిపించింది. వెనక వరస మొత్తం ఒక్కసారి ముందుకి తూలి, వాళ్ల ముందున్న రెయిలింగ్ దగ్గర ఆగిపోయింది. నేను ముందుకి తూలాను, నా రెయిలింగ్ నన్ను ఆపింది. నా కాళ్లు ఉన్నచోటే ఉన్నాయి.

అప్పుడు తల ఎత్తాను. కార్నర్ జెండా దగ్గర మా ఆటగాళ్లు ఒకరి మీద ఒకరు పడి గుట్టలా ఉన్నారు. గోల్‌కీపర్ ఆ చివర్నుంచి ఈ చివరిదాకా పరిగెత్తుకొస్తున్నాడు. గోల్ కొట్టిన అబ్బాయి చొక్కా తీసి తిప్పుతున్నాడు, రిఫరీ ఎల్లో కార్డు చేత్తో పట్టుకుని ఓపిగ్గా నిలబడ్డాడు. ఐదేళ్లుగా మ్యాచ్‌లకి వెళ్తున్నాను, గోల్ తర్వాత ఏం జరుగుతుందో గ్రౌండులో నేను చూడటం అదే మొదటిసారి. అప్పటిదాకా ఇంటికెళ్లి టీవీలో చూసుకునేదాన్ని. ఏడుపొచ్చేసింది. పక్కనున్న పెద్దాయన గెలిచినందుకు అనుకుని భుజం తట్టారు.

ఆ పెద్దాయనకి డెబ్బై దాటాయి. నన్ను "లవ్" అని పిలుస్తారు. ఈ ప్రాంతంలో పెద్దవాళ్లు అందరినీ అలాగే పిలుస్తారు, మన దగ్గర "అమ్మాయ్" అన్నట్టు. చిన్నప్పుడు పాత టెర్రస్‌లో, అంటే సీట్లు లేని మెట్ల మీద, నిలబడి చూసిన మనిషి. అప్పట్లో పిల్లలకి కనిపించదని జనం తలల మీదుగా చేతులు మార్చి ముందుకి పంపేవారట. వయసొచ్చాక గోల్ పడితే కాళ్లు నేల వదిలేవట, జనం ఎటు తోస్తే అటు పోవడమేనట. అదంతా మురిపెంగా చెబుతూ చెబుతూ ఒకచోట ఆగిపోతారు. 1989 దగ్గర.

ఆ సంవత్సరం ఏప్రిల్ 15న షెఫీల్డ్‌లోని హిల్స్‌బరో గ్రౌండులో లివర్‌పూల్, నాటింగ్‌హామ్ ఫారెస్ట్ ఎఫ్‌ఏ కప్ సెమీఫైనల్ జరిగింది. నిలబడే టెర్రస్‌ని కంచెలతో గదుల్లా విడగొట్టి ఉంచారు, ముందు కూడా ఇనుప కంచే. బయట రద్దీ పెరిగిందని ఒక గేటు తెరిచారు. వచ్చినవాళ్లలో చాలామంది అప్పటికే నిండిన మధ్య గదుల్లోకే వెళ్లారు. 97 మంది ప్రాణాలు పోయాయి. దీనికి అభిమానుల ప్రవర్తన కారణం కాదని 2016లో జ్యూరీ తేల్చేదాకా వాళ్ల కుటుంబాలు పోరాడాయి. ఈ దుర్ఘటన మీద జడ్జి టేలర్ 1990లో ఇచ్చిన నివేదిక తర్వాత, 1994 ఆగస్టు కల్లా పై రెండు డివిజన్ల గ్రౌండ్లలో నిలబడే చోట్లు తీసేసి అన్నీ సీట్లే పెట్టాలన్న నియమం వచ్చింది. నిలబడటమే స్వతహాగా ప్రమాదమని ఆ నివేదిక అనలేదు. సీట్లయితే ఇంకా మేలు అంది. తర్వాత ఆ తేడాని జనం మర్చిపోయారు.

తిరిగి రావడానికి చాలా ఏళ్లు పట్టింది. స్కాట్లండ్‌లోని గ్లాస్గోలో సెల్టిక్ క్లబ్ 2016లో రెయిల్ సీట్లు పెట్టింది. అక్కడ ఇంగ్లండ్ నియమం వర్తించదు. ఇంగ్లండ్, వేల్స్‌లో 2022 జనవరి 1 నుంచి ఐదు క్లబ్బులకి ప్రయోగంగా అనుమతిచ్చారు. తర్వాతి సీజన్ నుంచి నియమాలు పాటించే క్లబ్బులన్నిటికీ తలుపు తెరిచారు. ఆ తలుపులోంచే మేమూ వచ్చాం.

జర్మనీలో డార్ట్‌మండ్ క్లబ్ గ్రౌండులోని దక్షిణ స్టాండులాగా ఉంటుందా అని అందరూ అడుగుతారు. ఉండదు. అక్కడ ఒక్క స్టాండులోనే దాదాపు 25,000 మంది నిలబడతారు, కూర్చుంటే అంతమంది పట్టరు. ఇక్కడ ఒక సీటుకి ఒక మనిషే. నిలబడ్డా జనం సంఖ్య పెరగదు. అందుకే నిలబడితే టికెట్ చవక అవుతుందనుకున్న మావాళ్లు కొందరు నిరాశపడ్డారు. నా టికెట్ ధర కూడా పైసా తగ్గలేదు. బీరు గ్లాసు పట్టుకుని ఆట చూడొచ్చనుకున్నవాళ్లకీ అంతే, 1985 చట్టం ప్రకారం పిచ్ కనిపించే చోట మందు తాగకూడదు.

ఒక సీటుకి ఒక మనిషి అన్న ఈ నియమాన్ని మొదటి రెండేళ్లు నేను పట్టించుకోలేదు. కనిపించిన ప్రతివాళ్లకీ రెయిలింగ్ గురించే చెప్పేదాన్ని. మా వార్డులో ఇద్దరు నా మాట విని అక్కడే టికెట్లు కొన్నారు. అసలు ప్రాణం ఆ నియమంలో ఉందని మూడో సీజన్‌లో గానీ తెలియలేదు.

ఆ రోజు పక్క ఊరితో మ్యాచ్. మా వరసలో చోట్లు పద్దెనిమిది. వేరే బ్లాకుల్లో టికెట్లున్న కుర్రాళ్లు స్నేహితులతో కలిసి నిలబడాలని మా వరసలోకి దూరారు. పదో నిమిషంలో నా భుజం పెద్దాయన భుజానికి ఆనుకుంది. ఇరవయ్యో నిమిషంలో చేతులు పైకి ఎత్తలేకపోయాను. లెక్కపెట్టాను, ఇరవై మూడు మంది ఉన్నాం. రెయిలింగ్ పక్కటెముకల్లోకి నొక్కుకుంటోంది. బయటికి పోదామంటే ముందు రెయిలింగ్, వెనక రెయిలింగ్. ఎటు పోవాలన్నా వరస చివరిదాకా, పది పదకొండు మందిని దాటుకుని పోవాలి. నేను సరిగ్గా మధ్యలో ఉన్నాను.

నన్ను కాపాడిన రెయిలింగే ఆ క్షణాన గోడలా అనిపించింది. ముందు నుంచీ వెనక నుంచీ వచ్చే తోపుని అది ఆపుతుంది. పక్క నుంచి వచ్చే ఒత్తిడిని ఆపలేదు. దాన్ని ఆపగలిగేది మెట్ల దగ్గర టికెట్ చూసే మనిషే. పెద్దాయన మొహం చూశాను. ఏమీ మాట్లాడటం లేదు, బంతి అటున్నా ఇటే చూస్తున్నారు. ఆయన ఏం గుర్తుచేసుకుంటున్నారో అడగలేదు. శ్వాస సరిగ్గా తీసుకుంటున్నారా లేదా అని మాత్రం హాఫ్ టైమ్ దాకా కనిపెట్టుకుని ఉన్నాను, అది నా వృత్తి అలవాటు. ప్రాణం మీదికి వచ్చేంత నలుగుడు కాదు, ఉన్నదున్నట్టు చెప్పాలి. కానీ టెన్షన్‌తో ఆ ఇరవై ఐదు నిమిషాల ఆటలో ఒక్క పాస్ కూడా నాకు గుర్తులేదు.

హాఫ్ టైమ్‌లో మెట్ల దగ్గరున్న స్టీవర్డుకి చెప్పాను. చిన్న వయసు కుర్రాడు, మొదట తేలిగ్గా తీసుకున్నాడు. చోట్లు పద్దెనిమిది, మనుషులు ఇరవై మూడు అని అంకెలు చెప్పాక పై అధికారిని పిలిచాడు. టికెట్లు చూసి ఐదుగురిని వాళ్ల చోటికి పంపారు. రెండో సగం మళ్లీ మామూలే, హాయిగా నిలబడ్డాం. తర్వాతి మూడు నాలుగు మ్యాచ్‌లకి మెట్ల దగ్గర టికెట్లు గట్టిగా చూశారు. సీజన్ చివరికొచ్చేసరికి మళ్లీ చూడటం తగ్గింది. కాబట్టి రెయిలింగ్ కొన్నందుకు క్లబ్బులని మెచ్చుకునేవాళ్లందరినీ నేను అడిగేది ఒకటే, లోపలికి వచ్చేవాళ్లని ఎవరు లెక్కపెడుతున్నారు?

మా పాప సంగతి కూడా చెప్పాలి. దానికి తొమ్మిదేళ్లు. రెండో సీజన్‌లో ఒకసారి మా ఆయన టికెట్ మీద, ముందే అడిగి, తీసుకెళ్లాను. పావుగంట అయ్యాక "అమ్మా, నాకు వీపులే కనిపిస్తున్నాయి" అంది. సీటు ఎక్కి నిలబడటానికి ఒప్పుకోరు, ఒప్పుకోకపోవడమే మంచిది. కూర్చుంటే ఇంకా ఏమీ కనిపించదు. రెయిలింగ్ దాని కళ్ల ఎత్తున ఉంది. మిగతా మ్యాచ్ అది పాటలు విని, అందరితో కలిసి చప్పట్లు కొట్టి వచ్చింది. ఇంటికొచ్చి గోల్ ఎవరు కొట్టారని నన్నే అడిగింది. ఇప్పుడు దాన్ని తీసుకెళ్లాలంటే పక్క స్టాండులో ఫ్యామిలీ టికెట్లు కొంటున్నాం.

పెద్దాయనకి పోయిన ఏడాది తుంటి ఎముక ఆపరేషన్ అయింది. మూడో సీజన్ చివర్లో హాఫ్ టైమ్‌కి ముందే సీటు దించుకుని కూర్చునేవారు. ఆటలో ఏం జరుగుతోందో నేను వంగి చెప్పేదాన్ని. వచ్చే సీజన్‌కి కూర్చునే స్టాండుకి మారిపోతున్నానని ఏప్రిల్‌లో చెప్పారు. చిన్నప్పుడు టెర్రస్‌లో మొదలైన మనిషి, నిలబడే చోటు తిరిగొచ్చాక మూడేళ్లే ఉండగలిగారు. చివరి మ్యాచ్ అయ్యాక రెయిలింగ్ మీద రెండుసార్లు అరచేత్తో తట్టి వెళ్లారు.

మీరు కొనాలా అంటే, నా పరిస్థితి చూసి లెక్క వేసుకోండి. నాకు ముప్పై ఎనిమిది. రోజుకి పన్నెండు గంటలు వార్డులో నిలబడే ఉద్యోగం కాబట్టి రెండు గంటలు నిలబడటం నా కాళ్లకి పెద్ద లెక్క కాదు, నైట్ షిఫ్ట్ దిగిన శనివారాలు తప్ప. పొట్టిదాన్ని కాబట్టి ముందు వరసలో పొడుగాటి మనిషి పడితే సగం గోల్‌పోస్టు కనిపించదు, అది టికెట్ కొనేటప్పుడు తెలియదు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి, పిల్లలతో వచ్చేవాళ్లకి నేను చెప్పను. గుంపులో ఊపిరాడనట్టు అనిపించేవాళ్లకి కూడా చెప్పను. గోల్ వెనక ఎలాగూ అందరూ నిలబడే స్టాండులోనే మీ టికెట్ ఉంటే మాత్రం, రెయిలింగ్ లేని చోట నిలబడొద్దు. నా కాలు చూసి చెబుతున్నాను.

నాలుగో సీజన్‌కి టికెట్ రెన్యూ చేశాను. అదే స్టాండు, అదే వరస. ఈసారి మధ్యలో వద్దని, మెట్ల పక్కన మొదటి చోటు అడిగాను. గోల్‌పోస్టు కాస్త ఏటవాలుగా కనిపిస్తుందని చెప్పారు. పర్లేదు, అదే ఇవ్వండి అన్నాను.