చర్చిల్‌కి రైలా, విమానమా?

కెనడాలో ధ్రువపు ఎలుగుబంట్లు చూడాలంటే ఎవరైనా చెప్పే పేరు చర్చిల్. మానిటోబా ప్రావిన్స్‌లో, హడ్సన్ బే ఒడ్డున, వెయ్యి మంది కూడా లేని ఊరు. కారేసుకుని పోదామంటే కుదరదు, అక్కడికి రోడ్డే లేదు.

విమానమైతే మానిటోబా రాజధాని విన్నిపెగ్‌లో ఎక్కిన రెండున్నర గంటలకల్లా దింపేస్తుంది. టికెట్ ధర చూస్తే మాత్రం గుండె గుభేలుమంటుంది. మంచు తుఫాను పట్టుకుంటే అదీ కదలదు.

రైలు కథ వేరు. సుమారు 1,700 కిలోమీటర్లు, దారిలో రెండు రాత్రులు, అదీ వారానికి రెండే బళ్లు. గంటల తరబడి ఆలస్యమైనా అక్కడెవరూ ఆశ్చర్యపోరు. ఉత్తరానికి వెళ్లేకొద్దీ పట్టాల కింద నేల ఏడాది పొడవునా గడ్డకట్టే ఉంటుంది. వేసవిలో పైపొర కరిగి మెత్తబడితే పట్టాలు ఒకచోట కుంగి, ఇంకోచోట ఉబుకుతాయి. అందుకే బండి నెమ్మదిగా పాకుతుంది. కిటికీలోంచి చూస్తే పాత టెలిగ్రాఫ్ స్తంభాలు మూడేసి కర్రలు కలిపి కట్టి, ముక్కాలిపీటల్లా నిలబెట్టి కనిపిస్తాయి. ఆ నేలలో గుంజ పాతితే నిలవదు మరి.

ఇంత నత్తనడక బండి ఎందుకంటారా? 2017 మేలో వరదలకు కట్ట కోసుకుపోయి, ఏడాదిన్నర పాటు రైలు రాలేదు. సరుకులు విమానాల్లో దించాల్సి వచ్చింది, వంటగ్యాసు ఓడలో తెచ్చుకున్నారు. బరువైన సరుకుకి రైలుని మించింది లేదని ఊరంతటికీ తెలిసొచ్చింది.

మన ప్రయాణానికి మధ్యే మార్గం ఒకటుంది. విన్నిపెగ్ నుంచి అదే రైలు దారిలో ఉన్న థాంప్సన్ దాకా కారు, దాదాపు 760 కిలోమీటర్లు, మంచి రోడ్డే. అక్కడ కారు ఆపి రైలెక్కితే రాత్రి పడుకుని లేచాక చర్చిల్. నా ఓటు దీనికే. చలికాలంలో అయితే ఇంజన్ వెచ్చబెట్టే హీటర్ ఉన్న కారే తీసుకోండి. ఆ ప్రాంతంలో కార్ల ముందు ప్లగ్గు వేలాడుతూ ఉంటుంది, ఆపిన చోట కరెంటుకి తగిలిస్తారు. లేకపోతే మైనస్ 35లో నాలుగు రోజులు నిలబెట్టిన కారు తిరిగొచ్చేసరికి స్టార్టవ్వదు.

పసిపిల్లలూ పెద్దవాళ్లూ వెంట ఉంటే ఈ తిప్పలేవీ వద్దు, విమానమే ఎక్కండి. అక్టోబర్, నవంబర్ ఎలుగుబంట్ల సీజను కాబట్టి, రైలు బెర్తయినా విమానం సీటయినా నెలల ముందే బుక్ చేసుకోవాలి. రైల్లో వెనక్కొచ్చేవాళ్లు అదే రోజు విన్నిపెగ్ నుంచి ఇంకో విమానం మాత్రం పెట్టుకోకండి.