ఈఈజీ పరీక్ష: డబ్బు కట్టేముందు అడగాల్సినవి

ఫిట్స్ అనుమానం ఉంటే డాక్టరు ముందుగా రాసే పరీక్షల్లో, మెదడు తరంగాలను గీతలుగా రికార్డు చేసే ఈఈజీ ఒకటి. సెంటర్లలో మెషిన్ సంగతి ఎలా ఉన్నా, మంచి చెడ్డా తేలేది టెక్నీషియన్ ఇచ్చే సమయంలోనే. పది నిమిషాల్లో పంపేసే చోట తక్కువ ధరైనా చేయించవద్దు.

తలకు 19, చెవులకు రెండు ఎలక్ట్రోడ్లు (వైర్లున్న చిన్న బిళ్ళలు) పెడతారు. కరెంటు పెడతారేమోనని చాలామందికి భయం. ఆ వైర్లు మెదడు తరంగాలను అందుకుంటాయే తప్ప ఏమీ పంపవు. మంచి టెక్నీషియన్ టేపుతో తల కొలిచి, చర్మాన్ని జెల్‌తో రుద్ది, ఇంపిడెన్స్ (చర్మానికీ ఎలక్ట్రోడ్‌కూ మధ్య సిగ్నల్‌కు ఎదురయ్యే అడ్డు) 5 కిలోఓంల లోపుకు తెచ్చాకే మొదలుపెడతాడు. తలకు నూనె ఉంటే పేస్టు అంటదు, వైరు కదిలిపోయి గీతలు పిచ్చిగా వస్తాయి. ముందురోజు షాంపూతో తలస్నానం చేసి, నూనె, కండిషనర్ మానేయాలి. ఈ మాట అపాయింట్‌మెంట్ ఇచ్చేటప్పుడే చెప్పని సెంటరుకు మార్కులు తగ్గించాల్సిందే. పరగడుపున వెళ్ళకూడదు, షుగర్ తగ్గితే తరంగాలు నెమ్మదిస్తాయి. ఫిట్స్ మాత్రలు సొంతంగా ఆపితే ప్రమాదం.

రికార్డింగ్ కనీసం 20 నిమిషాలు శుభ్రంగా రావాలి. అందులో మూడు నిమిషాలు గట్టిగా ఊపిరి పీల్చి వదలమంటారు. బడిలో ఉన్నట్టుండి కొన్ని క్షణాలు శూన్యంలోకి చూస్తుండిపోయే పిల్లల్లో ఆబ్సెన్స్ ఫిట్స్ పట్టుబడేది ఎక్కువగా ఇక్కడే: సెకనుకు మూడుసార్లు వచ్చే స్పైక్-వేవ్ (మొనదేలిన గీత, వెంటనే నెమ్మదైన అల) తెర మీద కనిపిస్తుంది. ఈమధ్యే పక్షవాతం వచ్చినవారికి, తీవ్రమైన గుండె జబ్బు, సికిల్ సెల్ (రక్తకణాల జబ్బు) ఉన్నవారికి ఈ గట్టి ఊపిరి భాగం చేయించకూడదు, ముందే చెప్పాలి. తర్వాత కళ్ళముందు లైటు మిణుకుమనిపిస్తారు. అన్నిటికన్నా ముఖ్యం నిద్ర. మెలకువలో దొరకని స్పైకులు కునుకు పట్టగానే బయటపడుతుంటాయి. అందుకే డాక్టరు చెబితే ముందురాత్రి నిద్ర తగ్గించుకుని వెళ్ళాలి. బండి మాత్రం నడపవద్దు.

రిపోర్టులో 'నార్మల్' అని ఉంటే మూర్ఛ లేదని కాదు. మూర్ఛ ఉన్నవారిలోనూ మొదటి ఈఈజీ సుమారు సగం మందిలో నార్మల్‌గానే వస్తుంది. అటు కళ్ళార్పడం, దవడ బిగించడం, చెమట కూడా గీతల్ని మారుస్తాయి. టెక్నీషియన్ వాటిని అక్కడికక్కడే గుర్తు పెట్టకపోతే లేని జబ్బు రిపోర్టులోకి ఎక్కే ప్రమాదం ఉంది. ఫిట్ వచ్చినప్పుడు ఇంట్లోవాళ్ళు ఫోన్‌లో తీసిన వీడియో డాక్టరుకు ఒక్కోసారి ఈ కాగితం కన్నా ఎక్కువ చెబుతుంది, అదీ పట్టుకెళ్ళండి.

ఎన్ని నిమిషాలు తీస్తారు, నిద్ర రికార్డు చేస్తారా, చదివేది న్యూరాలజిస్టేనా? కౌంటర్ దగ్గర ఈ మూడూ అడిగాకే డబ్బు కట్టండి.