బ్రూనో ఉండాలా, పోవాలా? పోతే ఎటు మేలు?

మహబూబ్‌నగర్‌లో ఫుట్‌బాల్ ముచ్చట పెట్టేవాళ్ళం కొద్దిమందిమే. ఎంవీఎస్ కాలేజీ గ్రౌండ్‌లో పొద్దున్నే ఎటు చూసినా క్రికెట్టే. ఒక మూలకు మేం ఎనిమిది మందిమి, ఒక్కోసారి పది మందిమి, ఇటు రెండు ఇటుకలు అటు రెండు ఇటుకలు పెట్టుకుని ఆడుకుంటాం. ఆట అయ్యాక మెట్టుగడ్డ దగ్గర చాయ్ తాగుతూ ఓ గంట కూర్చుంటాం. ఆ గంటలో ఎప్పటికీ తెగని పంచాయితీ ఒకటుంది. పోర్చుగల్ ఆటగాడు బ్రూనో ఫెర్నాండెజ్ ఇంగ్లండ్ క్లబ్ మాంచెస్టర్ యునైటెడ్‌లోనే ఉండాలా, సౌదీకి పోవాలా, లేకపోతే యూరప్‌లోనే ఇంకో క్లబ్ చూసుకోవాలా?

2025 వేసవిలో సౌదీ క్లబ్ అల్ హిలాల్ అతని కోసం గట్టిగా ప్రయత్నించింది. ఆ క్లబ్ అధ్యక్షుడే ఫోన్ చేశాడని, ఇంట్లోవాళ్ళతో, అప్పటి కోచ్ అమోరిమ్‌తో మాట్లాడి వద్దనుకున్నానని, ఇంకా పైస్థాయిలోనే ఆడాలని ఉందని బ్రూనోనే చెప్పాడు. ఆ రోజు మా గ్రూపులో పండగే. ఇక ఈ సంగతి అయిపోయిందనుకున్నాం. కాలేదు. 2024లో రాసుకున్న ఒప్పందం 2027 దాకా ఉంది, ఇంకో ఏడాది పొడిగించుకునే వీలు క్లబ్ చేతిలో ఉంది. గడువు దగ్గరపడే కొద్దీ ఆటగాడి రేటు పడిపోతుంది కాబట్టి, ఆటగాళ్ళు క్లబ్బులు మారే గడువు, అంటే ట్రాన్స్‌ఫర్ విండో, తెరిచిన ప్రతిసారీ ఈ పేరు పైకి రాక తప్పదు.

నేను యునైటెడ్ అభిమానిని. నా మనసు ఎటు లాగుతుందో చదివేవాళ్ళకు ముందే తెలియాలి కాబట్టి చెప్తున్నాను.

ముందు, ఉండిపోవడం సంగతి. 2020 జనవరి చివర్లో పోర్చుగల్‌లోని స్పోర్టింగ్ నుంచి వచ్చాడు. వచ్చిన ఆ ఆరు నెలల్లోనే జట్టు నడక మారింది, సీజన్‌ను మూడో స్థానంలో ముగించింది. తర్వాత కోచ్‌లు వచ్చారు, పోయారు. సోల్షార్, రాంగ్నిక్, టెన్ హాగ్, అమోరిమ్. ఒకరు కట్టిన జట్టును ఇంకొకరు విప్పారు. వీళ్ళందరి కింద మారనిది ఇతని పేరు ఒక్కటే. గాయం వల్ల ఒక్క మ్యాచ్ మానేయడానికి అతనికి నాలుగేళ్ళు పైనే పట్టింది. 2024 మేలో క్రిస్టల్ ప్యాలెస్ మీద అలా బయట కూర్చుంటే జట్టు 4-0తో ఓడిపోయింది. ఒక మనిషి మీద జట్టు ఎంత బరువు వేసుకుందో ఆ స్కోరే చెప్పింది.

అదే నెలలో మాంచెస్టర్ సిటీ మీద ఎఫ్‌ఏ కప్ ఫైనల్, అంటే ఇంగ్లండ్ క్లబ్బుల నాకౌట్ టోర్నీ ఫైనల్. ఆ ఒక్క గోల్ నేను ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. రాష్‌ఫర్డ్ మైదానం అడ్డంగా కొట్టిన పొడుగు పాస్ కుడివైపు గర్నాచోకు అందింది. అతను లోపలికి బ్రూనోకు ఇచ్చాడు. చుట్టూ సిటీ డిఫెండర్లు. మనమైతే బంతిని ఆపుతాం, తలెత్తి చూస్తాం, అప్పుడు ఇస్తాం. అతను ఆపనే లేదు. చూపు ఒకవైపు ఉండగానే, ఒక్క తాకుతోనే బంతిని పక్కకు జార్చాడు. అక్కడికి తోటి ఆటగాడు మైనూ పరిగెత్తుకొస్తున్నాడని అతనికి ముందే తెలుసు. గోల్. 2-1తో కప్ వచ్చింది. మిడ్‌ఫీల్డర్ అంటే ఏంటని మా గ్రౌండ్‌కు కొత్తగా వచ్చే పిల్లలు అడిగితే ఫోన్ తీసి ఆ పది సెకన్లే చూపిస్తాను.

అయితే ఆ ఎఫ్‌ఏ కప్, అంతకుముందు 2023లో గెలిచిన లీగ్ కప్, యునైటెడ్‌లో ఈ రెండే అతనికి దక్కాయి. ఇంతటి ఆటగాడికి అవి చాలవు. 2024-25 సీజన్‌లో యునైటెడ్ ఇంగ్లండ్ లీగ్‌లో 42 పాయింట్లతో 15వ స్థానంలో మిగిలింది. 2025 మే 21 రాత్రి పన్నెండున్నరకు స్పెయిన్‌లోని బిల్బావోలో యూరోపా లీగ్ ఫైనల్, అంటే యూరప్ క్లబ్బుల రెండో స్థాయి కప్ ఫైనల్. మా ఇంటి డాబా మీద ఫోన్ హాట్‌స్పాట్‌తో లాప్‌టాప్ పెట్టుకుని, ఆ ఉక్కపోతలో అయిదుగురం కూర్చున్నాం. టాటెన్‌హామ్ ఒక్క గోల్ కొట్టింది, మేం ఒక్కటీ కొట్టలేకపోయాం. మ్యాచ్ అయ్యాక ఎవరూ లేవలేదు. మా తమ్ముడు లాప్‌టాప్ మూయకుండా అట్లాగే చూస్తూ ఉండిపోయాడు.

ఇంకో చిక్కు కూడా ఉంది. అమోరిమ్ పద్ధతిలో మిడ్‌ఫీల్డ్ మధ్యలో ఇద్దరే. ఆ ఇద్దరిలో ఒకడిగా బ్రూనోను చాలాసార్లు వెనక్కి దింపారు. గోల్‌కు దగ్గరగా ఉండి చివరి పాస్ ఇవ్వాల్సినవాడు, డిఫెండర్ల ముందు నిలబడి బంతులు ఏరుకోవాల్సి వచ్చింది. ఆడాడు, బాగానే ఆడాడు. కానీ వంట చేసేవాడితో వడ్డన చేయిస్తే ఆ చేతి రుచి ఎవరికి తెలుస్తుంది? యునైటెడ్‌లోనే ఉండటం మేలు అనేవాళ్ళు ఈ ప్రశ్నకు జవాబు చెప్పాలి. రేపు ఇంకో కోచ్ వస్తే మళ్ళీ ఎక్కడ నిలబెడతాడో ఎవరికి తెలుసు?

ఇక సౌదీ. ఈ మాట ఎత్తగానే చాలామంది అభిమానులు "పైసల కోసం పోతాడా" అని మొహం చిట్లిస్తారు. పాలమూరులో పుట్టినవాళ్ళం మేం ఆ మాట అనలేం. కోయిలకొండ, మక్తల్, నారాయణపేట దిక్కున బొంబాయి బస్సు ఎక్కని ఇల్లు తక్కువ. మా చిన్నాయన పదకొండేళ్ళు రియాద్‌లో డ్రైవర్‌గా చేశాడు. ఆ పైసలతోనే ఇద్దరు అక్కల పెళ్ళిళ్ళయినయి, బోరు పడింది. బ్రూనోకు అంత అవసరం లేదు, నిజమే. అయినా పనిచేసే వయసు కొద్దిగానే ఉన్నవాడు ఎక్కువ ఇచ్చే చోటికి పోతానంటే అందులో తప్పు వెతకడం నాకు చేతకాదు. ఫుట్‌బాలర్‌కు ఆ వయసు మన డ్రైవర్లకంటే చాలా చిన్నది. ఇంగ్లండ్‌లో పైస్థాయి ఆదాయం మీద పన్ను 45 శాతం. సౌదీలో జీతం మీద పన్నే లేదు. ఈ ఒక్క తేడాతోనే లెక్కంతా మారిపోతుంది.

అక్కడ ఆట లేదనేవాళ్ళతో కూడా నాకు పేచీ ఉంది. 2025 క్లబ్ వరల్డ్ కప్‌లో మాంచెస్టర్ సిటీని 4-3తో ఇంటికి పంపింది ఈ అల్ హిలాలే. ఆ జట్టులో రూబెన్ నెవెస్, కాన్సెలో ఇద్దరూ పోర్చుగల్ జట్టులో బ్రూనో తోటివాళ్ళు. నెవెస్ 26 ఏళ్ళకే అక్కడికి పోతే అతని కెరీర్ అయిపోయిందని అన్నారు. మొదటి సీజన్‌లోనే ఒక్క ఓటమి లేకుండా లీగ్ గెలిచాడు, దేశం జట్టులో చోటూ పోలేదు. ఫ్రాన్స్ మిడ్‌ఫీల్డర్ కాంటే కూడా సౌదీ లీగ్ నుంచే 2024 యూరో టోర్నీకి దేశం జట్టులోకి తిరిగొచ్చాడు. ఇవతలి వైపు హెండర్సన్ ఉన్నాడు. లివర్‌పూల్ కెప్టెన్, ఆ క్లబ్‌తో పన్నెండేళ్ళ బంధం తెంచుకుని 2023లో అల్ ఎతిఫాక్‌కు పోయి, ఆరు నెలలకే సర్దుకోలేక నెదర్లాండ్స్ క్లబ్ అయాక్స్‌కు వచ్చేశాడు. మనిషిని బట్టి, క్లబ్బును బట్టి ఉంటుంది.

నాకున్న టెన్షన్ వేరే. చిన్నాయనను ఒకసారి అడిగాను, అక్కడ ఏది కష్టమనిపించిందని. ఎండ అంటాడనుకున్నాను. "పని ఉంటది రా, పైసలుంటయ్. కానీ నువ్వు మంచిగ చేసినవని చెప్పేటోడు ఉండడు" అన్నాడు. బ్రూనో ఆట చూసినవాళ్ళకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. అతను ప్రతి బంతికీ చేతులు ఊపుతాడు, రిఫరీతో వాదిస్తాడు, తోటివాడు పాస్ తప్పితే మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వంగిపోతాడు. అంత పట్టింపు ఉన్నవాడికి ఎదురుగా అంతే పట్టింపు ఉన్న ఆట కావాలి. వారం విడిచి వారం లివర్‌పూల్, ఆర్సెనల్ లాంటి జట్లు ఎదురొచ్చే లీగ్‌కు, నాలుగైదు పెద్ద జట్లే ఉన్న లీగ్‌కు తేడా అక్కడే.

మూడో దారి యూరప్‌లోనే ఇంకో క్లబ్. పారిస్ క్లబ్ పీఎస్‌జీ సంగతి ఆలోచించడం దండగ. 2025 ఛాంపియన్స్ లీగ్ గెలిచిన ఆ మిడ్‌ఫీల్డ్‌లో విటిన్యా, జువావ్ నెవెస్ కుదురుకున్నారు, ఖాళీ లేదు. స్పోర్టింగ్‌కు తిరిగి పోవడం మనసుకు బాగుంటుంది గానీ జీతానికి, పోటీకి సరిపోదు. నేను ఆగి ఆలోచించేది ఇటలీ గురించే.

ఇటలీ అతనికి పరాయి చోటు కాదు. పోర్టో పక్కన మాయాలో పుట్టిన పిల్లవాడు, ఇంకా 18 నిండకముందే 2012లో నోవారా అనే చిన్న క్లబ్ కోసం, అదీ రెండో డివిజన్‌లో, ఇల్లు వదిలి వచ్చాడు. తర్వాత ఉడినీస్, సాంప్డోరియా. అయిదేళ్ళు అక్కడే పెరిగి, 2017లో స్పోర్టింగ్‌కు తిరిగి పోయాడు. భాష వచ్చు, పద్ధతి తెలుసు. అక్కడి ఆట ఇంగ్లండ్‌లో లాగా అటూ ఇటూ పరుగులతో ఊపిరి తీయనివ్వకుండా ఉండదు. ఆగి, చూసి, సందు దొరికినప్పుడు బంతి వేసేవాడికి విలువ ఎక్కువ. ముప్పై దాటిన మిడ్‌ఫీల్డర్‌కు ఇంతకంటే ఏం కావాలి? 39 ఏళ్ళ క్రొయేషియా మిడ్‌ఫీల్డర్ మోద్రిచ్‌ను మిలాన్ తీసుకుంది అందుకే.

దీనికి నా దగ్గరున్న పెద్ద సాక్ష్యం మెక్‌టొమినే. యునైటెడ్‌లో పుట్టి పెరిగిన ఆటగాడు. ఇక్కడ ఎప్పుడూ రెండో వరస మనిషే. 2024 ఆగస్టులో నాపోలికి అమ్మేశారు. ఒక్క సీజన్‌లో లీగ్‌లో 12 గోల్స్ కొట్టాడు, ఇటలీ లీగ్‌లోనే ఉత్తమ ఆటగాడయ్యాడు. 2025 మే 23న కాలియారీ మీద గాల్లో పక్కకు ఒరిగి అతను కొట్టిన గోల్‌తో నాపోలి టైటిల్ దిక్కు నడిచింది. తేదీ చూడండి. బిల్బావోలో మా జట్టు తలదించుకున్న రెండు రోజులకే అది. మనిషి వాడే, కాళ్ళు అవే. చోటు మారితే విలువ తెలిసింది.

ఇబ్బందులూ ఉన్నాయి. నాపోలికే పోయిన, ముప్పై దాటిన బెల్జియం మిడ్‌ఫీల్డర్ డి బ్రుయ్నే 2025 అక్టోబర్‌లో ఇంటర్ మీద పెనాల్టీ కొడుతూనే తొడ కండరం పట్టేసి నెలల తరబడి బయట కూర్చున్నాడు. బ్రూనో పుట్టింది 1994 సెప్టెంబర్‌లో, అతనికీ వయసు మీద పడుతోంది. పైగా ఇటలీ క్లబ్బులు ముప్పై దాటినవాడికి పెద్ద రేటు పెట్టవు, జీతమూ సౌదీలో ఇచ్చేంత ఇవ్వలేవు. డి బ్రుయ్నే, మోద్రిచ్ ఇద్దరినీ ఒప్పందం అయిపోయాకే, ట్రాన్స్‌ఫర్ రుసుము లేకుండా తీసుకున్నారు. ఈ బేరం కుదరాలంటే యునైటెడ్ ధర తగ్గించుకోవాలి, బ్రూనో జీతం తగ్గించుకోవాలి.

మూడూ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు తేలింది ఇది: ఏ తలుపు ముందు మూసుకుంటుందో దాన్ని ముందు తట్టాలి. సౌదీ తలుపు ఇప్పట్లో మూసుకోదు. రొనాల్డో 2023 జనవరిలో సౌదీ క్లబ్ అల్ నస్ర్‌కు పోయేటప్పటికి 38కి నెల రోజులే తక్కువ. మూడేళ్ళ తర్వాత పోయినా బ్రూనోకు అక్కడ మంచి జీతమే దొరుకుతుంది. యునైటెడ్ తలుపు మనసులో ఎప్పుడూ తెరిచే ఉంటుంది, రేపు కోచ్‌గానో ఇంకెట్లాగో రావచ్చు. కానీ యూరప్‌లో టైటిల్ కోసం పోరాడే జట్టుకు కీలక మిడ్‌ఫీల్డర్‌గా ఆడే అవకాశం రెండేళ్ళు దాటితే ఉండదు. అందుకే ఇటలీనే మేలు. అది కుదరకపోతే ఉండిపోవడం. సౌదీ చివరికి.

మా తమ్ముడు దీనికి అస్సలు ఒప్పుకోడు. "జెరార్డ్ చెల్సీకి పోయుంటే లీగ్ గెలిచేటోడన్నా. పోలే. ఇయ్యాల లివర్‌పూల్‌ల ఆయన పేరు ఎట్లుంది?" అంటాడు. నిజమే. జెరార్డ్ లీగ్ ఒక్కసారి కూడా గెలవలేదు, అయినా ఆ ఊరు ఆయనను వదులుకోలేదు. కానీ జెరార్డ్ అదే ఊరి పిల్లవాడు, 2005లోనే ఛాంపియన్స్ లీగ్ కప్ ఎత్తినవాడు. బ్రూనో 18 ఏళ్ళు నిండకముందే బతుకుదెరువుకు ఇల్లు వదిలినవాడు. ఈ ఇద్దరినీ ఒకే తూకంలో పెట్టొద్దంటాను. వాడు వినడు.

నా దగ్గర బ్రూనో జెర్సీ ఒకటుంది. వచ్చిన కొత్తలో అతని నంబర్ 18, అప్పుడే సుల్తాన్ బజార్‌లో కొన్నాను. 2022లో అతను 8కి మారాడు. నేను మార్చలేదు. ఉతికి ఉతికి ఒకటి అంకె ఊడిపోయి ఇప్పుడు అదే 8 అయింది. బ్రూనో ఇటలీకి పోతే మంచిదని మెట్టుగడ్డ చాయ్ దగ్గర అందరి ముందూ గట్టిగా వాదించి, పొద్దున ఆ జెర్సీనే వేసుకుని గ్రౌండ్‌కు పోతున్నాను. పోయిన ఆదివారం తమ్ముడు దాన్ని చూసి, "నువ్వే పంపిస్తవ్, నువ్వే ఏడుస్తవ్ అన్నా" అన్నాడు. అవును, ఏడుస్తాను.