బీచ్ రోడ్డు టీ బండి: 4 స్టార్లు, ఒకటి అల్లం దగ్గర కట్

ఆర్కే బీచ్‌లో వాకింగ్ అయ్యాక కాళీమాత గుడికి కొంచెం ఇవతల ఉన్న బండి దగ్గర ఆరు నెలలుగా టీ తాగుతున్నా, 15 రూపాయలు, అల్లం ఒక్కోరోజు గొంతు మండేంత, ఒక్కోరోజు అసలు లేనట్టే. అసలు సంగతి టీ కాదండి, అక్కడ కూర్చునే బ్యాచ్. గ్రూప్స్ పరీక్షలకి సోషియాలజీ చదువుతున్నా కదా, చార్లెస్ కూలీ అనే అమెరికన్ సోషియాలజిస్ట్ 1909లో ప్రైమరీ గ్రూప్ (ముఖాముఖి కలుస్తూ మన తీరుని మలిచే దగ్గరి జట్టు) అంటే కుటుంబం, పిల్లల ఆటల జట్టు, ఇరుగుపొరుగు అన్నాడని ఎంత బట్టీ కొట్టినా ఎక్కలేదు, ఇక్కడ ఎక్కింది. మొదటిరోజు తాగేసిన గ్లాసు గోడ మీద వదిలేసి పోతుంటే పోర్టులో రిటైరైన పెద్దాయన "ఏటి బాబూ, ఇంట్లో కూడా ఇలాగే వదిలేస్తావేటి?" అన్నారు. అందరూ నా వైపే చూశారు, ఎవరూ తిట్టలేదు గానీ చెవులు వేడెక్కిపోయాయి. బోర్డు లేదు, ఫైన్ లేదు, అయినా ఆ రోజు నుంచి గ్లాసు ట్రేలోనే పెడుతున్నా. మొన్న ఒక కుర్రాడు లైన్ మధ్యలో చెయ్యి పెడితే "తమ్ముడూ, వెనక పెద్దాయన ఉన్నారు" అని నేనే అన్నా, తర్వాత నాకే నవ్వొచ్చింది.

చిరాకు ఒక్కటే, పాతోళ్లకి బెంచీ, కొత్తోళ్లకి గట్టు. సమ్నర్ అనే ఇంకో సోషియాలజిస్ట్ 1906లో చెప్పిన ఇన్‌గ్రూప్ (మనోళ్లు), అవుట్‌గ్రూప్ (బయటోళ్లు) అచ్చంగా ఇదే, నాకు బెంచీ మీద చోటు రావడానికి రెండు నెలలు పట్టింది మరి. ఆదివారం 7 దాటితే పాలు అయిపోతాయి, త్వరగా వెళ్లండి.