ఏడేళ్లు పోస్ట్‌ఫిక్స్ నడిపాక

నల్గొండలో కూర్చుని మిర్యాలగూడలోని నాలుగు రైస్ మిల్లుల మెయిల్ సర్వర్ చూసుకుంటున్నాను. ఉబుంటు లైనక్స్ మీద, ఉత్తరాలు అందుకుని పంపే పోస్ట్‌ఫిక్స్ పెట్టి ఏడేళ్లయింది. వీట్సే వెనెమా ఐబీఎంలో మొదలుపెట్టగా 1998లో బయటికొచ్చిన సాఫ్ట్‌వేర్ ఇది. నా దగ్గర దానంతట అది పడిపోయిన రోజు లేదు. ఉత్తరం ఆగిన ప్రతిసారీ తప్పు నాదే.

కోతల రోజుల్లో ఒక మిల్లు గుమాస్తా ఫోన్ చేశాడు. ‘‘సార్, కొత్త అకౌంటెంట్‌కు ఒక్క మెయిల్ కూడా రావడం లేదు. లారీ బిల్లులన్నీ తిరిగిపోతున్నాయట.’’ సర్వర్ తన పనుల చిట్టా రాసుకునే లాగ్‌లో 550 అనే తిరస్కరణ సంఖ్య: అలాంటి చిరునామా లేదు. ఏ చిరునామా ఉత్తరం ఎవరికి చేరాలో రాసే వర్చువల్ ఏలియాస్ ఫైలు తెరిస్తే పేరు నిక్షేపంగా ఉంది. గంటసేపు నియమాలన్నీ తిరగేశాను. ఫైలు మార్చాక, దాన్ని సర్వర్ చదివే రూపంలోకి మార్చే పోస్ట్‌మ్యాప్ ఆదేశం నడపడం మరిచానని ఆ తర్వాత తెలిసింది. హ్యాష్ రకం పట్టికలో సర్వర్ చదివేది పోస్ట్‌మ్యాప్ తయారుచేసి పక్కన పెట్టే డీబీ ఫైలును, మనం రాసినదాన్ని కాదు. డీబీ పాతబడిందన్న హెచ్చరిక లాగ్‌లోనే ఉంది. నేను 550 ఉన్న వరుసలు మాత్రమే వడకట్టుకుని చూశాను మరి!

అప్పటి నుంచి నియమాల జోలికి పోయే ముందు ‘పోస్ట్‌మ్యాప్ మైనస్ క్యూ’తో పట్టికనే అడుగుతున్నాను. అయితే దాని మాటా పూర్తిగా నమ్మలేము. ఎవరిని రానివ్వాలో ఎవరిని ఆపాలో రాసే యాక్సెస్ పట్టికలో సర్వర్ పూర్తి చిరునామా దొరకకపోతే డొమైన్ (@ తర్వాతి భాగం) కోసం కూడా వెతుకుతుంది. హ్యాష్ పట్టిక మీద ఈ ఆదేశం మాత్రం మీరిచ్చిన మాటనే వెతికి ఊరుకుంటుంది. పట్టికలను మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లో పెట్టుకున్నప్పుడు ఇంకో తమాషా జరిగింది. సర్వాధికారాలున్న రూట్ ఖాతాతో నేనడిగితే జవాబు వచ్చేది, సర్వర్ అడిగితే రాదు. ఉబుంటు అమరికలో సర్వర్ ప్రక్రియ క్రూట్ లోపల, అంటే ఒక్క ఫోల్డర్‌కే కట్టేసినట్టు నడుస్తోంది, అక్కడి నుంచి డేటాబేస్‌తో మాట్లాడే సాకెట్ ఫైలు కనబడదు. సాకెట్ బదులు నెట్‌వర్క్ దారిన వెళ్లేలా ‘లోకల్‌హోస్ట్’ తీసేసి 127.0.0.1 రాయగానే దారికొచ్చింది.

అన్నిటికంటే భయపడింది ‘ఓకే’ అనే రెండక్షరాలకు. ఒక కొనుగోలుదారు ఉత్తరాలు స్పామ్ జాబితాలో చిక్కుతున్నాయని, పంపేవారి పట్టికలో ఆ డొమైన్ ఎదురుగా ‘ఓకే’ రాశాను. ఆ తనిఖీ రిలే నిషేధానికి, అంటే బయటివాళ్లు నా సర్వర్ ద్వారా ఇంకెవరికో ఉత్తరాలు పంపకుండా ఆపే నియమానికి, పైన ఉంది. ‘ఓకే’ కనబడితే ఆ వరుసలోని మిగతా నియమాలను సర్వర్ చూడదు. పంపేవారి చిరునామా ఎవరైనా దొంగగా రాయగలరు కాబట్టి, ఆ పేరు పెట్టుకున్నవాడికల్లా నా సర్వర్ నుంచి లోకమంతా ఉత్తరాలు పంపే దారి దొరికింది. పోస్ట్‌ఫిక్స్ 2.10 వెర్షన్ నుంచి రిలే నియమాలకు వేరే వరుస ఉంది. పాత సర్వర్ నుంచి తెచ్చుకున్న నా ఫైలులో అది ఖాళీ. ఇప్పుడు రిలే నిషేధం పైకి చేరింది, స్పామ్ జాబితా తనిఖీకి ముందు మాత్రమే మినహాయింపులు ఉంచాను. నాకు అభిప్రాయం లేదు, తర్వాతి నియమం చూడు అని చెప్పడానికి ‘ఓకే’ బదులు ‘డన్నో’ సరిపోతుంది.

కొత్త నిషేధం పెట్టేటప్పుడు తిరస్కరించకుండా హెచ్చరిక మాత్రమే రాసే ‘వార్న్ ఇఫ్ రిజెక్ట్’ ముందు చేర్చి వారం రోజులు లాగ్ చదవడం బాగా పనికొచ్చింది. సాఫ్ట్ బౌన్స్ అనే అమరిక కూడా మంచిదే, 5తో మొదలయ్యే శాశ్వత తిరస్కరణను 4తో మొదలయ్యే తాత్కాలిక తిరస్కరణగా మార్చి, పంపినవారు మళ్లీ ప్రయత్నించేలా చేస్తుంది. పని అయ్యాక దాన్ని తీసేయాలి. నేను పదకొండు రోజులు తీయలేదు, లేని చిరునామాలకు వచ్చిన ఉత్తరాలన్నీ పోకుండా తలుపు తడుతూనే ఉన్నాయి.