పేరు చూసి ఫీజు కట్టకండి, పట్టా ఎవరిస్తారో అడిగి కట్టండి

ఆన్‌లైన్ డిగ్రీలో చేరబోతున్నవాళ్లు ఐదు నిమిషాలు ఆగి ఇది చదవండి. నాకు రెండేళ్లూ పోయాయి, ఫీజూ పోయింది.

ఉద్యోగం చేసుకుంటూనే డిగ్రీ పూర్తి చేద్దామని వెతుకుతుంటే, అందరికీ తెలిసిన ఒక పెద్ద యూనివర్సిటీ పేరుతో ప్రకటన కనిపించింది. నంబరు ఇచ్చిన పది నిమిషాలకే ఫోన్. కౌన్సెలర్‌నన్నాడు, సేల్స్ మనిషని తర్వాత తెలిసింది. సిలబస్ ఏమిటంటే యూనివర్సిటీ పేరు చెప్పేవాడు, పాఠాలెవరు చెబుతారంటే మళ్లీ పేరే. "ఈ పేరు రెజ్యూమెలో ఉంటే చాలు సార్, ఇంకేమీ అడగరు" అని కనీసం నాలుగుసార్లు అన్నాడు. సీట్లు అయిపోతున్నాయని టెన్షన్ పెట్టి రాత్రికి రాత్రే మొదటి వాయిదా కట్టించాడు. రికార్డు చేసిన వీడియోలకు సీట్లు అయిపోవడమేమిటని అప్పుడు తట్టలేదు.

బ్రోచర్ మీద లోగో పేజీలో సగం ఉంది. దాని కింద చీమ తలకాయంత అక్షరాల్లో "సహకారంతో" అని ఉంది. కోర్సు నడిపింది వేరే కంపెనీ. సందేహం అడిగితే వారం తర్వాత రెండు లైన్ల జవాబు వచ్చేది. పేరుంది కదా అని ఓర్చుకున్నాను. చివరికి చేతికొచ్చింది డిగ్రీ పట్టా కాదు, కోర్సు పూర్తి చేసినట్టు ఒక సర్టిఫికెట్. అది పట్టుకుని పీజీకి దరఖాస్తు పెడితే, అడ్మిషన్ ఆఫీసులో ఆవిడ మర్యాదగానే చెప్పారు, ఇందులో ఒక్క క్రెడిట్ కూడా లెక్కలోకి రాదండీ అని. రీఫండ్ అడిగితే నేను సంతకం పెట్టిన పత్రంలోనే పదకొండో పేజీ చూపించారు. ఇది డిగ్రీ కాదని అక్కడ నిజంగానే రాసి ఉంది.

మరి పేరుకి విలువే లేదా అంటే, ఉంది. మనం ఊహించుకున్నంత మాత్రం కాదు. 2002లో స్టేసీ డేల్, అలన్ క్రూగర్ అనే ఆర్థికవేత్తలు అమెరికాలో ఒక పోలిక చేశారు. పెద్ద కాలేజీలో సీటు వచ్చి కూడా అంత పేరులేని చోట చదివినవాళ్లు, పెద్ద కాలేజీలోనే చదివినవాళ్ల కంటే సగటున జీతాల్లో వెనకబడలేదని తేలింది. పేద కుటుంబాల పిల్లలకు మాత్రం పెద్ద కాలేజీ వల్ల లాభం కనిపించింది. 2023లో ఆర్థికవేత్త రాజ్ చెట్టి బృందం, హార్వర్డ్, యేల్ లాంటి ఐవీ స్థాయి కాలేజీలు సగటు సంపాదనను పెద్దగా మార్చకపోయినా, పైనున్న 1 శాతం ఆదాయవర్గంలోకి చేరే అవకాశాన్ని పెంచుతాయని చెప్పింది. ఇదంతా ఆ కాలేజీలో నిజంగా చేరి చదివినవాళ్ల సంగతి. లోగో అరువు తెచ్చుకున్న కోర్సుకి ఈ లెక్కలు అంటగట్టి అమ్ముతుంటే నమ్మకండి.

ర్యాంకు చూపించినా అంతే. 2022లో అమెరికాలోని కొలంబియా యూనివర్సిటీ ఒక ప్రముఖ ర్యాంకుల జాబితాలో 2వ స్థానం నుంచి 18కి పడింది. కారణం, వాళ్లిచ్చిన అంకెలు సరైనవి కావని అక్కడి గణితం ప్రొఫెసరే బయటపెట్టడం. పాఠాలు చెప్పే తీరు ఒక్క ఏడాదిలో అంత పాడవుతుందా?

నా సంగతి నయం, నాది కనీసం అసలు యూనివర్సిటీ పేరు. పేరున్న కాలేజీని గుర్తుకుతెచ్చేలా పేరు పెట్టుకుని పట్టాలు అమ్మేవాళ్లూ ఉన్నారు. 2004లో అమెరికాలో అలాంటి ఒక సంస్థ పిల్లికి ఎంబీఏ ఇచ్చింది. దర్యాప్తువాళ్లే ఆ పిల్లి పేరుతో దరఖాస్తు పెట్టారు లెండి.

అందుకే పట్టా మీద ఏ సంస్థ పేరు, ఎవరి సంతకం ఉంటాయో ముందే రాతపూర్వకంగా అడగండి. నమూనా కాపీ చూపించమనండి. గుర్తింపు ఉందంటే ఎవరిచ్చారో కనుక్కుని, వాళ్లు పంపిన లింకులో కాకుండా ఉన్నత విద్యాశాఖ అధికారిక జాబితాలో మీరే వెతకండి. గుర్తింపునిచ్చే దొంగ సంస్థలు కూడా ఉంటాయి. లైసెన్సు కావాల్సిన వృత్తి అయితే ఆ లైసెన్సు ఇచ్చే బోర్డునే అడగాలి.

తర్వాత ఎక్కడ చదవాలనుకుంటున్నారో ఆ కాలేజీకి, ఈ కోర్సు ఒప్పుకుంటారా అని ఒక ఈమెయిల్ పెట్టండి. నేనూ పెట్టాను, అరగంటలో జవాబొచ్చింది. కాకపోతే ఆఖరి వాయిదా కూడా కట్టేశాక పెట్టాను.