మియాటాకి రెండు సస్పెన్షన్ సెట్లు మార్చాక: కోనీ స్పోర్ట్ డ్యాంపర్లు ఎలా ఉన్నాయంటే

బండి మాజ్దా ఎమ్‌ఎక్స్-5, అదే అందరూ మియాటా అనేది, మొదటి తరం. 1989లో బయటికొచ్చిన డిజైన్. బరువు టన్నుకి కాస్త అటూ ఇటూ, ఇంజిన్ ముందు, పవర్ వెనక చక్రాలకి, నాలుగు మూలలా డబుల్ విష్‌బోన్, అంటే ఒక్కో చక్రాన్ని పైనొకటీ కిందొకటీ రెండు చేతులు పట్టుకుని ఉండే అమరిక. కంపెనీ వాళ్ళు ఇంత బాగా చేసిపెట్టిన దాన్ని పాడుచేయకుండా ఉంటే చాలు, సగం ట్యూనింగ్ అయిపోయినట్టే. నేను మాత్రం ముందు పాడుచేశాను, తర్వాత బాగుచేసుకున్నాను. ఆ బాగుచేసిన సెట్టే ఈ కోనీ స్పోర్ట్, పసుప్పచ్చ రంగుది. డ్యాంపర్ అంటే స్ప్రింగ్ ఊగుడుని అదుపు చేసే షాక్ అబ్జార్బరే. వేసి రెండేళ్ళయింది.

ముందు పాడుచేసిన కథ. చవకలో వచ్చే కాయిలోవర్ కిట్ (స్ప్రింగూ డ్యాంపరూ కలిసి, ఎత్తు మార్చుకునే వీలున్న సెట్) ఒకటి కొన్నాను, పేరు అనవసరం, అలాంటివి బోలెడున్నాయి. డబ్బా మీద డ్యాంపర్ గట్టిదనానికి 32 క్లిక్కుల అడ్జస్ట్‌మెంట్ అని పెద్ద అక్షరాల్లో ఉంటే పడిపోయాను. బిగించి బండిని దాదాపు రెండంగుళాలు దించాను, ఫోటోల్లో అదిరిపోయింది. నడిపితే కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది. వంపు మధ్యలో చిన్న గతుకు తగిలితే చాలు, వెనక భాగం పక్కకి గెంతేది. మొదటి క్లిక్కుకీ చివరి క్లిక్కుకీ నాకు తెలిసిన తేడా ఏంటంటే నడుం నొప్పి ఎంత తొందరగా మొదలవుతుందన్నదే.

స్ప్రింగ్ గట్టిదనం వల్లే ఇదంతా అనుకుని చాలా రోజులు తప్పుదారి పట్టాను. ఒకరోజు నాలుగు డ్యాంపర్ల రాడ్లకీ సన్న జిప్ టై ఒక్కోటి చుట్టి, కింద డ్యాంపర్ బాడీకి తగిలేదాకా జరిపి, ఒక రౌండ్ తిరిగొచ్చాను. చక్రం పైకి లేచినప్పుడల్లా బాడీ ఆ టైని రాడ్డు మీద పైకి తోస్తుంది, అది ఎక్కడిదాకా పోయి ఆగితే సస్పెన్షన్ అంతదాకా నొక్కుకుందన్నమాట. వచ్చి చూస్తే టై నాలుగు చోట్లా బంప్ స్టాప్ (సస్పెన్షన్ పూర్తిగా నొక్కుకుంటే తగిలే రబ్బరు ముక్క) కిందికి పోయి నలిగి ఉంది. బండి ఊరికే నిలబడి ఉన్నప్పుడే బాడీకీ బంప్ స్టాప్‌కీ మధ్య నా చిటికెన వేలు కూడా పట్టలేదు! అంటే నేను స్ప్రింగుల మీద కాదు, రబ్బరు ముక్కల మీద నడుపుతున్నాను. వంపులో బయటి వైపు వెనక చక్రం ఆ రబ్బరుని గుద్దుకోగానే వెనక గట్టిదనం ఒక్కసారిగా ఎన్నో రెట్లు పెరుగుతుంది, టైరు పట్టు వదిలేస్తుంది. గెంతుడుకి కారణం అదీ.

కాబట్టి ఈ బండికి పార్ట్స్ ఎంచుకునేటప్పుడు మొదట అడగాల్సింది ఎన్ని క్లిక్కులు అని కాదు, చక్రం పైకి రావడానికి ఎంత చోటు మిగులుతుంది అని. అందుకే రెండోసారి కోనీలతో పాటు, రెండో తరం మియాటా, అంటే 1998 తర్వాత వచ్చిన బండి టాప్ మౌంట్లు (డ్యాంపర్ పై కొనని బండికి బిగించే ముక్కలు) కూడా తెచ్చాను. అవి మొదటి తరానికి పడతాయి, ఆకారం వేరు కావడంతో డ్యాంపర్‌కి లోపల ఇంకాస్త చోటు దొరుకుతుంది. బంప్ స్టాపులు కూడా గట్టి రబ్బరువి తీసేసి, మెల్లగా నలిగే ఫోమ్ లాంటి పాలీయురెథేన్‌వి వేశాను. ఎత్తు ఈసారి అంగుళం మాత్రమే దించాను. ఫోటోల్లో అంత బాగుండదు, ఒప్పుకుంటాను.

స్ప్రింగుల సంగతి. ముందు 5.4, వెనక 3.6 కేజీ పర్ మిల్లీమీటర్. ఈ అంకెల్ని చూసి ఎవరూ కాపీ కొట్టకండి, లెక్క మాత్రం చేసుకోండి. విష్‌బోన్ బండిలో స్ప్రింగ్ చక్రం దగ్గర కాకుండా లోపలికి ఉంటుంది కాబట్టి మోషన్ రేషియో, అంటే చక్రం కదిలినదాంట్లో స్ప్రింగ్ ఎంత కదులుతుందన్న నిష్పత్తి, ఒకటుంటుంది, అది ముందు సుమారు 0.7 అనుకుంటే దాని వర్గం 0.49, అంటే చక్రం దగ్గరికొచ్చేసరికి స్ప్రింగ్ గట్టిదనంలో సగమే మిగులుతుంది, నా విషయంలో 2.65. ఒక మూల స్ప్రింగ్ మీద పడే బరువు 220 కేజీలు అనుకుంటే సెకనుకి ఇంచుమించు 1.7 సార్లు ఊగుతుంది. మామూలు ఇంటి కార్లు 1 నుంచి 1.5 మధ్యలో ఉంటాయి. రోజూ నడుపుతూ అప్పుడప్పుడు ట్రాక్ మీదికి తీసుకెళ్ళే తేలికపాటి బండికి 1.7 నాకు సరిపోయింది. ఇంతకు రెట్టింపు గట్టి స్ప్రింగులు వేసే ఆలోచన ఉంటే కోనీ స్పోర్ట్ జోలికి రాకండి, ఇది ఆ పనికి చేసింది కాదు.

డ్యాంపర్‌లో అడ్జస్ట్ చేసుకునేది రీబౌండ్ ఒక్కటే, అంటే నొక్కుకున్న స్ప్రింగ్ ఎంత వేగంగా వెనక్కి తెరుచుకోవాలన్నది. కంప్రెషన్, అంటే స్ప్రింగ్ నొక్కుకునేటప్పటి అదుపు, వాళ్ళు పెట్టిందే. నాకు ఇదే నచ్చింది, మనం తప్పు చేయడానికి ఉన్న దారుల్లో ఒకటి మూసేశారు. తిప్పుతుంటే క్లిక్కుమనదు, అందుకని తల మీద తెల్ల పెయింట్‌తో చుక్క పెట్టుకున్నాను. పూర్తి మెత్తగా మొదలుపెట్టి, ఒకే రోడ్డు మీద పావు చుట్టు చొప్పున బిగించుకుంటూ పోయాను. మొదట్లో స్పీడ్ బ్రేకర్ దాటాక ముక్కు రెండుసార్లు ఊగేది, ముప్పావు చుట్టు దగ్గర ఒక్కసారికే సర్దుకుంది. అక్కడితో ఆగొచ్చు కదా, ఆగను. ఇంకా బిగించాను, మంచి రోడ్డు మీద బండి భలే చురుగ్గా అనిపించింది, వరసగా గతుకులొచ్చేసరికి చక్రం కిందికి దిగేలోపే ఇంకో గతుకు తగిలి, ఒక్కో గతుక్కీ బండి కాస్త కాస్త కూర్చుంటూ మళ్ళీ బంప్ స్టాపుల మీదికి చేరింది. చాలామంది గట్టిగా ఉంటే బాగుందనుకుని ఇక్కడే ఉండిపోతారు. నేను ముప్పావుకి తిరిగొచ్చాను.

వంపుల్లో బండి పక్కకి ఒరగకుండా ఆపే కడ్డీ, అంటే యాంటీ రోల్ బార్, ముందుది మాత్రమే లావుది వేశాను, వెనకది కంపెనీదే. వెనక లావుది వేస్తే, నాలాగా మామూలు డిఫరెన్షియల్ (వెనక రెండు చక్రాలకీ పవర్ పంచే గేర్లు) ఉన్నవాళ్ళకి వంపు దాటి గ్యాస్ ఇవ్వగానే లోపలి వైపు చక్రం తేలిపోయి ఊరికే తిరుగుతుంది.

బిగించేటప్పుడు రెండు జాగ్రత్తలు. విష్‌బోన్లు కదిలే చోట ఉండే రబ్బరు బుష్‌ల బోల్టులు బండి జాకీ మీద వేలాడుతుండగా ఫైనల్‌గా బిగించకండి. బండి కిందికి దిగగానే రబ్బరు మెలిపడిపోయి అలాగే ఉండిపోతుంది, ఎత్తు తప్పు చూపిస్తుంది, బుష్ కూడా తొందరగా చిరిగిపోతుంది. చక్రాల మీద బరువు పడ్డాకే బిగించాలి. రెండోది, అలైన్‌మెంట్‌కి, అంటే చక్రాల కోణాలు సరిచేయడానికి, వాడే క్యామ్ బోల్టులు పాత బండిలో తుప్పుతో బుష్ స్లీవ్‌కి అతుక్కుపోయి ఉంటాయి. నాది ఒకటి మూడు రోజులు నూనె కొట్టినా కదల్లేదు, చివరికి రంపంతో కోయాల్సి వచ్చింది. కొత్త బోల్టులు ముందే తెచ్చిపెట్టుకోండి.

అలైన్‌మెంట్ చేసినాయన స్క్రీన్ మీద అన్నీ పచ్చగా ఉన్నాయి, వెళ్ళొచ్చు అన్నాడు. షీట్ చూస్తే వెనక ఎడమ చక్రం టో-అవుట్‌లో ఉంది, అంటే దాని ముందు అంచు బయటికి తిరిగి ఉంది. వెనక చక్రాలతో నడిచే పొట్టి బండికి ఇది ప్రమాదం, వంపులో గ్యాస్ వదలగానే గిర్రున తిరిగిపోతుంది. మళ్ళీ చేయించాను, ఈసారి నా సీట్లో నా బరువంత సామాను పెట్టి. క్యాంబర్ (చక్రం పైభాగం లోపలికి వంగడం) ముందూ వెనకా మైనస్ 1.5 డిగ్రీలు, కాస్టర్ (స్టీరింగ్ ఇరుసు వెనక్కి వంగడం) 5, ముందు టో సున్నా, వెనక ఒక్కో వైపు 1 మిల్లీమీటర్ లోపలికి.

విసుగు తెప్పించేది ఒకటుంది. వెనక డ్యాంపర్ల తల డిక్కీ లోపల ఉంటుంది కాబట్టి తిప్పాలంటే ప్రతిసారీ లైనింగ్ తీసి తల దూర్చాలి, అది డ్యాంపర్ తప్పు కాదు, బండి తీరే అంత. జిప్ టైలు ఇంకా అలాగే ఉంచాను. మొన్న చూశాను, బంప్ స్టాప్‌కి ఇంకా వేలెడు కిందే ఆగి ఉన్నాయి.